చివరిసారి వాడిన తేదీ

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడనే సామెత మీరు వినే ఉంటారు. దాన్ని పొల్లు పోకుండా చేసి చూపించిన మనిషిని మాత్రం చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. మా అత్తగారి కుట్టుమిషనును మ్యూజియం పాలు చేశాను. అది కూడా కావాలని చేయలేదు. కావాలని చేసి ఉంటే కనీసం దాత అన్న పేరైనా దక్కేది.

మా ప్రాంతీయ చరిత్ర సంఘానికి పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి పై అంతస్తులో రెండు గదులున్నాయి. ముందు గదిలో వస్తువులు, వెనక గదిలో సమావేశాల బల్ల. తాళంచెవులు లేని తాళాలు పధ్నాలుగు, తాళాలు లేని తాళంచెవులు ముప్ఫై ఒకటి మా దగ్గరున్నాయి. ఏ చెవీ ఏ తాళానికీ పట్టదు. సభ్యులందరం ఎవరికి వాళ్ళం చాటుగా ప్రయత్నించి చూసినవాళ్ళమే. ఇవి కాక ఏడు టైపురైటర్లు, ఒక ఫైరింజను గంట, మూతపడిన సినిమాహాలు వాళ్ళ టిక్కెట్ల కిటికీ. సందర్శకుల పుస్తకంలో కిందటేడాది పదకొండు సంతకాలు పడ్డాయి. వాటిలో నాలుగు, ఎదురు గదిలోని పళ్ళ డాక్టరు కోసం పొరపాటున మా గదిలోకి వచ్చిన వాళ్ళవి. రెండు, కరెంటు మీటరు చూసుకుపోయే అతనివి.

నేను డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. చేతిరాత బాగుంటుందని పంతొమ్మిదేళ్ళ కిందటే సంఘంవాళ్ళు నాకు కార్డులు రాసే పని అప్పగించారు. ప్రతి వస్తువు పక్కనా ఒక కార్డు ఉంటుంది. పేరు, ఇచ్చినవారు, ఎప్పటిది, ఎలా వాడేవారు, చివరిసారి వాడిన తేదీ. ఈ అయిదు గళ్ళనూ సంఘం పెట్టిన ప్లీడరుగారే నిర్ణయించారు. చివరి గడి మీద ఆయనకు పట్టుదల ఎక్కువ. వాడకం ఆగిన రోజునే వస్తువు చరిత్రలో అడుగుపెడుతుందనీ, ఆ తేదీని వాడినవాళ్ళ నోటితోనే చెప్పించి రాయాలనీ ఆయన మాట. గళ్ళన్నీ నిండితేనే వస్తువు సంఘానిదవుతుందని ఒక నియమం కూడా రాసిపెట్టారు. గడి నిండకపోవడమన్నది ఎన్నడూ జరగలేదు కాబట్టి ఆ నియమం ఎవరికీ గుర్తులేదు. నాకూ లేదు.

అందరికీ గుర్తున్నది మరో నియమం. నంబరు పడిన వస్తువు గడప దాటకూడదు. దాటాలంటే సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. వెనకటి అధ్యక్షుడొకాయన మా నిలువు గడియారాన్ని బాగు చేయిస్తానని ఇంటికి తీసుకెళ్ళి, అట్నుంచి అటే కూతురి పెళ్ళికి కానుకగా పంపించేశాడు. ఆ నియమం ఆయన పుణ్యమే. నేను దాన్ని తు.చ. తప్పకుండా పాటించేవాణ్ణి. ఒక ముసలి డాక్టరుగారు వచ్చి, తన తండ్రి స్టెతస్కోపును ఒక్క పూట ఇంటికి తీసుకెళ్ళి మనవడికి చూపిస్తానని అడిగితే, మనవణ్ణే ఇక్కడికి తీసుకురమ్మన్నాను. అప్పుడు నన్ను చూసి నేనే మురిసిపోయాను కూడా.

ఎండకు ఫొటోలు వెలిసిపోతున్నాయి, నాలుగు కిటికీలకూ మందపాటి తెరలు వేయించాలని తీర్మానమైంది. మా అత్తగారు కుడతారని నేను నోరుజారాను. ఆవిడకు డెబ్బై ఆరేళ్ళు. మా వీధి చివర ఒంటిగదిలో విడిగా ఉంటారు, స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటూ ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతారు. కూతురింట్లో కూర్చుని తినే రోజు రాకూడదన్నదే ఆవిడ పంతం. మా ఇంటికి వచ్చినా, చేతిలో ఏదో ఒక పని పట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చుంటారు. మాకు పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు దాటినా మా ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ "బాగున్నారా", "తిన్నారా" దాటి ఎరగదు.

ఎత్తయిన కిటికీలు, బరువైన గుడ్డ. కొలతలకు అటూ ఇటూ తిరగలేనని ఆవిడ మిషనునే బండిలో వేయించుకుని వచ్చారు. సాయంత్రానికి రెండు తెరలయ్యాయి. మిగతావి రేపు కుడతానని మిషను అక్కడే వదిలి వెళ్ళారు. ఆ రేపు మా సంఘంలో ఏడాదికోసారి జరిగే సరుకు తనిఖీ రోజని నాకు గుర్తుంటే ఈ కథే ఉండేది కాదు.

తనిఖీ ఆ ఏడాది కొత్తగా చేరిన టీసీగారికి పడింది. ముప్ఫై ఆరేళ్ళు రైళ్ళలో టిక్కెట్లు చూసి రిటైరైన మనిషి. స్వయానా తోడల్లుడు టిక్కెట్టు లేకుండా ఎక్కితే మధ్య స్టేషన్లో దింపేశాడని పేరు. నంబరు లేని వస్తువు ఏది కనిపించినా నంబరు వేయమని అధ్యక్షులు హెడ్మాస్టారుగారు మాటవరసకు అన్నారు. ఈయన అన్నంత పనీ చేశాడు. పొద్దున్న తొమ్మిదికల్లా తెల్లరంగు డబ్బా, నల్లసిరా, సన్నటి కుంచె పట్టుకుని మొదలుపెట్టి, మిషను మెడ మీద 412 అని ముత్యంలా రాసి, పైన వార్నిషు పూసి, రిజిస్టరులో ఎక్కించాడు. ఆ ఊపులో మేకుకు తగిలించి ఉన్న గొడుగు మీద 413 వేశాడు. అది ఆయన గొడుగే. ఆ సంగతి సాయంత్రం వాన పడ్డప్పుడు తెలిసింది. ఆయన గొడుగు వంక ఒకసారి, రిజిస్టరు వంక ఒకసారి చూసి, తడుస్తూనే ఇంటికి వెళ్ళాడు. అలాంటివాడితో వాదించి ఏం గెలుస్తాం?

అయినా వాదించాను. అది మా అత్తగారిదని, నిన్ననే వచ్చిందని చెప్పాను. నిన్న వచ్చినదాన్ని నిన్న వచ్చినట్టే రాశాను కదా అన్నాడు. రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదని అందులో మొదటి పేజీలోనే ఉంది. అది రాసింది నేనే, ఎర్రసిరాతో, అక్షరాల కింద గీత గీసి మరీ. హెడ్మాస్టారు తల పంకించి, ప్రత్యేక సమావేశం పెడదాం, దానికి నలభై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి అన్నారు. స్టెతస్కోపు డాక్టరుగారు కూడా సభ్యుడే. ఆయన నన్ను చూసి నవ్విన నవ్వు నాకింకా కళ్ళ ముందే ఉంది.

ఇంటికి వెళ్ళి చెబితే మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అందుకే భయం వేసింది. కంచంలో అన్నం పెట్టి, నీళ్ళగ్లాసు అందనంత దూరంలో పెట్టింది. నెల దాటినా అది అక్కడే ఉంది. మా వీధిలో మాత్రం కనబడ్డ ప్రతివాడూ ఆ సామెతే అన్నాడు. కొత్తది ఇంకేమైనా చెప్పండ్రా అనాలనిపించేది.

అత్తగారి దగ్గరికి వెళ్ళి కొత్త మిషను కొనిస్తానన్నాను. ఆవిడ కోప్పడలేదు. గుడ్డలు మడత పెడుతూనే మాట్లాడారు.

"కొత్తదానికి నా కాళ్ళు అలవాటు పడాలంటే ఏడాది పడుతుంది అల్లుడుగారూ. స్కూలు తెరిచేది ఇంకో నలభై అయిదు రోజుల్లో. నూట ఇరవై జతలు ఇవ్వాలి. ఈసారి ఇవ్వలేకపోతే పెద్ద షాపువాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. అదీ పోయాక ఇంక నేను మీ ఇంటికి రావాల్సిందేగా."

మా ఇంటికి రావడమన్న మాటను ఆవిడ ఆస్పత్రికి వెళ్ళడమన్నట్టు అన్నారు. నాకు చాలా సిగ్గనిపించింది.

ఆ రాత్రంతా నియమాల పుస్తకం తిరగేశాను. వెనక పేజీల నుంచి చదువుకొస్తుంటే పధ్నాలుగో నియమం దొరికింది, అక్కడితో ఆపేశాను. వస్తువును వాడటం తెలిసినవారు, సందర్శకుల ఎదుట, ప్రదర్శన వేళల్లో దాన్ని నడిపి చూపించవచ్చు. టీసీగారికి చూపిస్తే రెండుసార్లు చదివి, అభ్యంతరం లేదన్నాడు. అయితే పది నుంచి ఒంటిగంట దాకా, నాలుగు నుంచి ఆరు దాకా. సోమవారం సెలవు. సందర్శకులు ఎదురుగా ఉంటేనే.

మొదటిరోజు సందర్శకుడిగా నేనే కూర్చున్నాను, సంతకం పెట్టి. రెండో రోజు నుంచి ఆ అవసరం లేకపోయింది. ఆవిడ ఖాతాదార్లు ఒక్కొక్కరే మెట్లెక్కి రావడం మొదలుపెట్టారు. ప్యాంటు పొట్టి చేయించుకునేవాళ్ళు, దిండు గలీబులవాళ్ళు, పిల్లల గౌన్లవాళ్ళు. టీసీగారు ఒక్కొక్కరినీ గుమ్మంలో ఆపి టిక్కెట్టిచ్చి, పుస్తకంలో సంతకం పెట్టించి లోపలికి వదిలేవాడు. అభిప్రాయం అన్న గడి కూడా నింపి తీరాలనేవాడు. "చేతులు కాస్త బిగుతుగా ఉన్నాయి." "కాలరు బాగా కుదిరింది, శుక్రవారానికి ఇస్తామన్నారు." "జేబు మర్చిపోయారు." మా సంఘం పుట్టిన దగ్గర్నుంచి సందర్శకుల పుస్తకంలో ఇంత నిజాయితీగల అభిప్రాయాలు నేను చదవలేదు.

గౌను తయారయ్యేదాకా ఊరికే కూర్చోలేక వాళ్ళు తాళాలు చూశారు, టైపురైటర్లు చూశారు. సినిమాహాలు కిటికీ ముందు నిలబడి ఒకావిడ, తన మొగుడు పెళ్ళికి ముందు తనకోసం ఈ కిటికీ దగ్గరే టిక్కెట్ల తోపులాటలో చొక్కా చించుకున్నాడని పెద్దగా నవ్వింది. నేను ఆ కిటికీ కార్డు మీద "ఇనుప చువ్వలు గలది" అని మాత్రమే రాసి ఉంచాను. పంతొమ్మిదేళ్ళుగా కార్డులు రాస్తున్నవాడికి ఈ మాత్రం తెలియలేదు కదా అనుకుని, అందులో చొక్కా సంగతి చేర్చాను.

పంటినొప్పివాళ్ళు కూడా తమ వంతు వచ్చేదాకా మా దగ్గర కూర్చునేవారు. పేపరతను వచ్చి ఫొటో తీసి, బతికున్న చరిత్ర అని రాశాడు. దాంతో పక్క ఊళ్ళ స్కూళ్ళవాళ్ళు బస్సులేసుకుని దిగారు. నెల తిరిగేసరికి సంతకాలు ఆరువందలు దాటాయి. హెడ్మాస్టారుగారి నడకే మారిపోయింది. మిషను చుట్టూ తాడు కట్టించారు. అత్తగారు టేపు అందుకోవడానికి లేవబోతే తాడు కాలికి తగిలేది.

ఇంతమంది చూస్తుండగా రోజుకు అయిదు గంటల్లో ఎన్ని జతలవుతాయి? ముప్ఫయ్యో రోజుకు యాభై రెండయ్యాయి. ఆవిడ కుట్టినవి, కుట్టవలసినవి రెండు దొంతరలుగా పెట్టి, వెళ్ళేముందు రెండింటినీ ఒకసారి చూసేవారు. నేనూ చూసేవాణ్ణి.

టీసీగారు రోజూ నన్ను 412 కార్డు అడుగుతున్నాడు. ఇక తప్పక ఒకరోజు స్టూలు లాక్కుని అత్తగారి పక్కన కూర్చుని, ఈ మిషను ఎప్పటిదని మొదలుపెట్టాను. ముప్ఫై ఏళ్ళలో నేనావిణ్ణి అడిగిన మొదటి పెద్ద ప్రశ్న అదే. కాళ్ళు తొక్కుతూనే ఆవిడ చెప్పుకొచ్చారు. మామగారు లారీ మెకానిక్కు. మంచాన పడ్డప్పుడు దీన్ని ఎవరో పారేయబోతుంటే తెప్పించుకున్నారట. మంచం మీద కూర్చునే విప్పి, తుడిచి, లారీకి వాడే నూనె వేసి బాగుచేసి ఇచ్చారట. దీని మీద మొదట కుట్టింది మా ఆవిడ స్కూలు సంచి. ఎలా వాడేవారు అన్న గడి నిండి, కార్డు వెనక్కి తిప్పి రాసుకోవలసి వచ్చింది.

"మీ పెళ్ళి ప్యాంటు కూడా దీని మీదే కుట్టాను" అన్నారు ఆవిడ.

నాకు చురుక్కుమంది. మా పెళ్ళి ఫొటోలో నా కుడికాలి ప్యాంటు రెండంగుళాలు పొట్టిగా ఉంటుంది. ఫొటోగ్రాఫరు వంకరగా తీశాడని ముప్ఫై ఏళ్ళుగా వాణ్ణి తిడుతున్నాను.

"అది ఫొటో తప్పు కాదండీ. పిల్ల వెళ్ళిపోతోందని ఏడుస్తూ కుట్టాను. టేపు మీద అంకెలు కనపడలా. ఆ మాట మీకు చెబుదామనే అనుకున్నా గానీ, మీరెప్పుడూ ఆ కార్డుల్లో మునిగి ఉంటారు కదా."

ఆవిడంటే నాకు గౌరవం ఎప్పుడూ ఉంది. ఇష్టం కలిగింది మాత్రం ఆ పూటే. ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే, మా ఆవిడ నీళ్ళగ్లాసును ఒక జానెడు దగ్గరికి జరిపింది.

నలభయ్యో రోజు వెనక గదిలో సమావేశం జరిగింది. ఇరవై ఒక్కమంది సభ్యుల్లో అందరూ వచ్చారు. ఇదీ చరిత్రే. మిషను వదలాలంటే పధ్నాలుగు చేతులు లేవాలి. హెడ్మాస్టారు లేచి, ఆరువందల ముప్ఫై సంతకాల గురించి చెప్పారు. ఆ మిషను పోతే మళ్ళీ మనకు దిక్కు పళ్ళ డాక్టరేనన్నారు. ఆవిణ్ణి గౌరవ ప్రదర్శకురాలిగా చేసుకుని, ఒక పత్రం ఇచ్చి, ఇలాగే కొనసాగిద్దామన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఇన్నేళ్ళు ఖాళీ గదికి అధ్యక్షత వహించిన మనిషి, జనాన్ని చూసి వదులుకోలేకపోయారు. ఆయన మాటలు నాకూ అర్థమయ్యాయి, అదే నా బాధ. గోడకు అవతల నుంచి మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇంకా నలభై నాలుగు జతలు.

తొమ్మిది చేతులు లేచాయి. ఒకటి నాది. ఒకటి, నేను ఊహించనిది, స్టెతస్కోపు డాక్టరుగారిది.

తీర్మానం వీగిపోయిందని హెడ్మాస్టారు ప్రకటించి, ఇక కార్డు కూడా పక్కన పెట్టేయండి మాస్టారూ అన్నారు. జేబులోంచి తీసిచ్చాను. ఆయన దాన్ని టీసీగారికి అందించారు. టీసీగారు కళ్ళజోడు సర్దుకుని, బెర్తు మీద పడుకున్నవాడి టిక్కెట్టు చూసినట్టు, ముందూ వెనకా తిప్పి చూసి, చివర్లో ఆగాడు.

"ఈ గడి ఖాళీగా ఉంది" అన్నాడు.

ఖాళీగానే ఉంది. నాలుగు రోజుల్లో రెండుసార్లు కలం పెట్టి తీసేశాను. ఈ రోజు తేదీ వేసేయండి, దానికేముంది అన్నారు హెడ్మాస్టారు. నేను వేయనన్నాను. పంతొమ్మిదేళ్ళలో ఆయన మాట నేను కాదనడం అదే మొదలు.

"నేను రాయలేనండీ. ఆ తేదీ వాడినవాళ్ళే చెప్పాలి కదా. అడగండి."

అడగవలసిందేనన్నాడు టీసీగారు. నియమం నియమమే. కార్డు పట్టుకుని ఆయన ముందు గదిలోకి నడిస్తే, వెనకాల ఇరవై మందిమీ వెళ్ళాం. అత్తగారు నీలం గుడ్డ మీద వంగి జేబు కుడుతున్నారు. ఈ మిషను చివరిసారి ఎప్పుడు వాడారమ్మా అని టీసీగారు మర్యాదగా అడిగాడు. ఆవిడ కాళ్ళు ఆపలేదు. కుట్టు చివరిదాకా వెళ్ళాక దారం తెంపి, తలెత్తి చూశారు.

"చివరిసారి ఇంకా వాడలేదు బాబూ."

ఆవిడే మళ్ళీ అన్నారు.

"వాడిన రోజున చెప్పడానికి నేనుండనులెండి. మా అల్లుడుగారు రాస్తారు. ఆయన చేతిరాత బాగుంటుంది."

అని మరో జేబు అందుకున్నారు. డాక్టరుగారు కిటికీ వైపు తిరిగి తెరను పరిశీలించసాగారు. నేను ఎటు తిరగాలో తెలియక అక్కడే నిలబడ్డాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అందరూ చూశారు, చూడనీయండి.

టీసీగారు బల్ల దగ్గరికి వచ్చి నియమాల పుస్తకం తెరిచి, వేలితో వెతికి, తొమ్మిదోది పైకి చదివాడు. గళ్ళన్నీ నిండితేనే వస్తువు సంఘానిదవుతుంది. రిజిస్టరులో 412కు ఎదురుగా, కొట్టివేత లేకుండా, "కార్డు పూర్తి కాలేదు, వస్తువు వాడుకలో ఉంది" అని రాసి సంతకం చేశాడు. ఓట్లు వేసి ఓడించిన వస్తువును ఖాళీ గడి గెలిపించింది. హెడ్మాస్టారు కాసేపు కుర్చీలో కూలబడి, తరవాత లేచి చొక్కా చేతులు పైకి మడిచి, పట్టండి అన్నారు. ఆయన ఒక పక్క, టీసీగారు ఒక పక్క పట్టుకుని మెట్లు దించారు. తాడు విప్పింది నేను.

ఆ అయిదు రోజులూ అత్తగారి ఒంటిగదిలో మిషను పగలూ రాత్రీ ఆగలేదు. గుండీలు మా ఆవిడా నేనూ కుట్టాం. నేను కుట్టినవన్నీ అత్తగారు మాట్లాడకుండా విప్పి మళ్ళీ కుట్టారు. స్కూలు తెరిచిన పొద్దున్నే నూట ఇరవై జతలూ వెళ్ళాయి. నా నీళ్ళగ్లాసు దాని చోటికి అది వచ్చింది. మిగిలిన రెండు కిటికీల తెరలూ ఆ తరవాతెప్పుడో తీరిగ్గా కుట్టిచ్చారు. డాక్టరుగారి ఇంటికి నేనే వెళ్ళి, మనవణ్ణి తీసుకొస్తే స్టెతస్కోపు చెవిలో పెట్టుకుని వినొచ్చని, పధ్నాలుగో నియమం ఒప్పుకుంటుందని చెప్పి వచ్చాను.

మ్యూజియానికి మళ్ళీ పంటినొప్పివాళ్ళే దిక్కయ్యారు. మరీ అంత కాదు. చొక్కా చినిగిన కథ చదవడానికి అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వస్తున్నారు. ఇప్పుడు పాత కార్డులన్నీ తీసి, ఇచ్చినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, స్టూలు లాక్కుని కూర్చుని మళ్ళీ అడిగి రాస్తున్నాను.

మొన్న మళ్ళీ తనిఖీ రోజు వచ్చింది. బయట వాన. టీసీగారు రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్కటే చదువుతుంటే, నేను కార్డులు చూపిస్తున్నాను. 411, ఫైరింజను గంట, ఉంది. 412 దగ్గర ఆగి, నా వైపు చూశాడు. నేను సొరుగులోంచి కార్డు తీసి చివరి గడి చూపించి, ఇంకా పూర్తి కాలేదండీ అన్నాను.

ముప్ఫై ఆరేళ్ళు జనాన్ని కానీండి, కానీండి అని తోసిన మనిషి ఆ ఖాళీ గడిని కాసేపు చూసి, కార్డు నా చేతికి తిరిగిచ్చాడు.

"తొందరేం లేదు" అన్నాడు.